కోర్టు కాగితంలో ‘ఎక్స్ పార్టీ’, ‘కేవియట్’, ‘స్టేటస్ కో’ అని ఉంటే అర్థమేంటి? మీరేం చేయాలి?

కోర్టు నుంచి వచ్చిన కాగితంలో అర్థం కాని మాట ఉంటే చాలామంది దాన్ని బీరువాలో పెట్టి, తెలిసినవాళ్లు ఎవరైనా కలిసినప్పుడు అడుగుదాంలే అనుకుంటారు. కానీ సివిల్ కేసులో సమన్లు అందిన రోజు నుంచి మీ జవాబు దాఖలు చేయడానికి చట్టం ఇచ్చే మామూలు గడువు 30 రోజులే. సరైన కారణం చూపిస్తే కోర్టు దాన్ని 90 రోజుల వరకు పొడిగించవచ్చు. అంటే ఆ మాటల అర్థం తెలుసుకోవడానికి కూడా మీకున్న సమయం అంతే.

ముందుగా ఒక విషయం చూసుకోండి. వచ్చింది వకీలు నోటీసా, కోర్టు సమన్లా? వకీలు నోటీసు అవతలి వ్యక్తి తన లాయరు చేత రాయించి పంపింది. దాని మీద కేసు నంబరు ఉండదు, కోర్టు ముద్ర ఉండదు. అలాగని పక్కన పడేయకూడదు. ముఖ్యంగా చెక్కు బౌన్స్ నోటీసైతే, అది అందిన 15 రోజుల్లోగా డబ్బు కట్టకపోతే మీ మీద క్రిమినల్ కేసు వేసే అవకాశం అవతలివారికి వస్తుంది. కోర్టు సమన్లలో కేసు నంబరు, వాయిదా తేదీ, కోర్టు పేరు ఉంటాయి. ఫలానా రోజు మీరు స్వయంగా గానీ, వకీలు ద్వారా గానీ హాజరు కాకపోతే మీరు లేకుండానే కేసు తేలుస్తామని అందులో రాసి ఉంటుంది. అక్కడే మొదటి లాటిన్ మాట ఎదురవుతుంది.

ఎక్స్ పార్టీ: మీరు లేకుండా వచ్చే తీర్పు

ఈ మాటలో రాజకీయ పార్టీ లేదు, మాజీ అనే అర్థమూ లేదు. లాటిన్‌లో ‘ఎక్స్ పార్టే’ అంటే ఒక పక్షం వైపు నుంచి అని. మన కోర్టుల్లో ‘ఎక్స్ పార్టీ’గా స్థిరపడింది. పత్రికలు ఏకపక్ష తీర్పు అని రాస్తాయి. సమన్లు అందినా ప్రతివాది రాకపోతే, వాది చెప్పింది, అతను చూపించిన కాగితాలు మాత్రమే చూసి కోర్టు కేసు తేల్చేస్తుంది. అబద్ధమని మీరు చెప్పగలిగిన మాటలు ఎన్ని ఉన్నా, చెప్పడానికి మీరు అక్కడ ఉండరు.

కాగితం తీసుకోకపోతే కేసు నడవదని ఊళ్లలో ఒక నమ్మకం ఉంది. కోర్టు అమీనా వస్తే ఇంట్లో లేమని చెప్పించడం, రిజిస్టర్ పోస్టు వస్తే వద్దని తిప్పి పంపించడం తరచూ జరిగేవే. ఇది నష్టమే తప్ప లాభం లేని పని. కవరు తీసుకోవడానికి నిరాకరించారని పోస్ట్‌మ్యాన్ రాసి పంపితే, సమన్లు అందినట్టే కోర్టు లెక్కిస్తుంది. కావాలని తప్పించుకుంటున్నారనిపిస్తే ఇంటి తలుపుకు కాగితం అంటించమని గానీ, పత్రికలో ప్రకటన వేయమని గానీ ఆదేశించవచ్చు. జిల్లా పేజీల్లో చిన్న అక్షరాలతో కనిపించే కోర్టు ప్రకటనల్లో చాలా వరకు అలాంటివే. అది మీరు చదవకపోయినా చదివినట్టే.

అయితే ఎక్స్ పార్టీ అనగానే అంతా అయిపోయినట్టు కాదు. ఇందులో రెండు దశలున్నాయి. మీరు రాలేదని కోర్టు నమోదు చేసి, తీర్పు ఇంకా ఇవ్వకపోతే, తర్వాతి వాయిదాకు వెళ్లి ఎందుకు రాలేకపోయారో చెప్పి మళ్లీ కేసులో చేరవచ్చు. తీర్పు, డిక్రీ వచ్చేస్తే దాన్ని రద్దు చేయమని దరఖాస్తు పెట్టుకోవాలి. దీనికి గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు మీకు సరిగా అందనే లేదంటే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు. ఆస్పత్రిలో ఉండటం, తప్పుడు చిరునామాకు సమన్లు వెళ్లడం లాంటి కారణాలకు రుజువు ఉండాలి. ఆలస్యమైతే ఆ ఆలస్యాన్ని మన్నించమని విడిగా మరో పిటిషన్ వేయాలి. ఈ దశలో కూడా కదలకపోతే తర్వాత వచ్చేది ‘ఈపీ’, అంటే డిక్రీ అమలు పిటిషన్. డబ్బుకు సంబంధించిన డిక్రీకి 12 ఏళ్ల ఆయుష్షు ఉంటుంది. ఆ లోగా ఎప్పుడైనా జప్తుకు రావచ్చు.

కేవియట్: ముందే తలుపు దగ్గర కూర్చోవడం

ఎక్స్ పార్టీకి ఒక రకంగా విరుగుడు ఇది. లాటిన్‌లో ఈ మాటకు ‘జాగ్రత్త పడాలి’ అని అర్థం. పక్క స్థలం వాళ్లు ఇవాళో రేపో కోర్టుకెళ్లి మీ ఇంటి పని ఆపేలా ఇంజంక్షన్ తెచ్చుకుంటారని మీకు అనుమానం ఉందనుకోండి. అత్యవసరమని చెబితే, మీ మాట వినకుండానే కోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చే అవకాశం ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఏ సెక్షన్ కింద మీరు ముందుగానే కేవియట్ వేస్తే, అలాంటి ఉత్తర్వు ఇచ్చే ముందు కోర్టు మీకు కబురు చేసి, మీ వాదన వినాలి.

ఇది వేసిన రోజు నుంచి 90 రోజులే పనిచేస్తుంది. గడువు ముగిశాక కూడా భయం ఉంటే మళ్లీ వేసుకోవాలి. దాని సంగతి అవతలివారికి రిజిస్టర్ పోస్టులో తెలియజేయాలి కూడా. కేవియట్ వేశాం కదా, ఇక వాళ్లు కేసే వేయలేరు అనుకోవడం పొరపాటు. అది కేసును ఆపదు, మీకు తెలియకుండా ఉత్తర్వు రావడాన్ని మాత్రమే ఆపుతుంది.

దీని వెనకున్న సూత్రం ‘ఆడి ఆల్టెరమ్ పార్టెమ్’, అవతలి పక్షం మాట కూడా విను అని. ఇది కోర్టులకే కాదు, ప్రభుత్వ కార్యాలయాలకూ వర్తిస్తుంది. మేనకా గాంధీ పాస్‌పోర్టును కారణం చెప్పకుండా స్వాధీనం చేసుకున్న కేసులో 1978లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని బలంగా నిలబెట్టింది. మీ పింఛను ఆపేసినా, లైసెన్సు రద్దు చేసినా, నోటీసు ఇచ్చారా, జవాబు చెప్పుకోనిచ్చారా అన్నది మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న.

స్టేటస్ కో: ఏ రోజున్న పరిస్థితి?

తెలుగులో యథాతథ స్థితి అంటున్నాం. స్టే అంటే ఒక చర్యను ఆపడం. స్టేటస్ కో అంటే ఉన్నది ఉన్నట్టు ఉంచడం, ఇది సాధారణంగా రెండు పక్షాలనూ కట్టేస్తుంది. చిక్కంతా ‘ఉన్నది’ అంటే ఏమిటన్న దగ్గరే వస్తుంది. ఉత్తర్వులో యథాతథ స్థితి అని ఒక్క మాట రాసి ఊరుకుంటే, స్థలం నా స్వాధీనంలో ఉందని ఇద్దరూ అంటారు, పోలీసులు ఏమీ తేల్చలేరు. అందుకే ఉత్తర్వు ఇచ్చే సమయంలోనే ఏ తేదీ నాటి పరిస్థితి, స్వాధీనం ఎవరిది అన్నది స్పష్టంగా రాయించమని మీ వకీలుతో అడిగించండి. ఆ రోజే తేదీ కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఆస్తి జప్తు చేయడంతో పాటు 3 నెలల వరకు సివిల్ జైలుకు పంపే అధికారం కోర్టుకు ఉంది.

నిద్రపోయేవారికి చట్టం సాయం చేయదు

‘విజిలాంటిబస్ నాన్ డోర్మియెంటిబస్ జురా సబ్‌వెనియంట్’ అనే నోరు తిరగని సూత్రం అర్థం ఇదే. 1963 నాటి లిమిటేషన్ చట్టం మొత్తం దీని మీదే నిలబడింది. ప్రామిసరీ నోటు మీద అప్పిచ్చినవారు ఈ సూత్రం దెబ్బ ఎక్కువగా తింటారు.

నోటు రాసిన తేదీ నుంచి 3 ఏళ్లలోగా దావా వేయాలి. 2022 జూన్ 10న రాయించుకున్న నోటు గడువు 2025 జూన్ 10తో తీరిపోతుంది. మధ్యలో బాకీదారు కొంత డబ్బు కట్టి నోటు వెనక చెల్లు రాస్తే, కట్టిన రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు మొదలవుతాయి. అదే నోటు మీద 2024 ఏప్రిల్ 5న చెల్లు పడితే 2027 ఏప్రిల్ 5 వరకు సమయం ఉంటుంది. కాకపోతే ఆ చెల్లు బాకీదారు చేతిరాతతో ఉండాలి, లేదా కింద అతని సంతకం ఉండాలి. అప్పిచ్చినాయన తనే రాసుకుని తన దగ్గరే పెట్టుకున్న చెల్లు గడువును ఒక్క రోజు కూడా పెంచదు. పాత గడువు ముగియకముందే డబ్బు కట్టి ఉండాలన్నది మరో షరతు. మొహమాటానికి పోయి సంతకం అడగకపోవడం వల్ల పోయిన బాకీలు మన ఊళ్లలో ఎన్నో. గడువు దాటినంత మాత్రాన అప్పు తీరిపోయినట్టు కాదు, కోర్టు ద్వారా వసూలు చేసుకునే దారి మాత్రం మూసుకుపోతుంది.

వార్తల్లో కనిపించేవి

ప్రైమా ఫేసీ అంటే పైకి చూడగానే కనిపించేంత వరకు అని. ప్రైమా ఫేసీ ఆధారాలున్నాయని కోర్టు అంటే, విచారణ సాగించడానికి తగినంత ఉందని మాత్రమే, నేరం రుజువైనట్టు కాదు. శీర్షికల్లో ఈ తేడా తరచూ మాయమవుతుంది. సుమోటో అంటే ఎవరూ పిటిషన్ వేయకుండా కోర్టు తనంతట తాను తీసుకోవడం. సైనీ డై అంటే తర్వాతి తేదీ చెప్పకుండా వాయిదా వేయడం. లోకస్ స్టాండై అంటే ఆ కేసు వేసే అర్హత. ఒకసారి తుది తీర్పు వచ్చిన వివాదాన్ని అదే పక్షాల మధ్య మళ్లీ కొత్త దావాగా తేకూడదన్నది రెస్ జుడికేటా.

హెబియస్ కార్పస్‌ను ఇలా ఒక వాక్యంలో దాటేయలేం. మనిషిని తెచ్చి కోర్టు ముందు నిలబెట్టు అని దాని సారాంశం. ఎవరినైనా అక్రమంగా నిర్బంధించారనిపిస్తే, వారి తరఫున బంధువు గానీ స్నేహితుడు గానీ నేరుగా హైకోర్టుకు వెళ్లవచ్చు. ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, ఈ పిటిషన్లు వేసే హక్కు ఉండదని సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఇచ్చింది. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. 2017లో గోప్యత హక్కు కేసులో ఆ మెజారిటీ తీర్పు తప్పని సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పుడు ఈ పిటిషన్‌ను ప్రేమ పెళ్లి చేసుకున్న కూతురి కోసం తల్లిదండ్రులు వేయడమూ చూస్తుంటాం. అమ్మాయి మేజరైతే కోర్టు ఆమెనే అడుగుతుంది, ఆమె ఇష్టం ప్రకారమే పంపిస్తుంది. కేరళకు చెందిన ఒక యువతి కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే.

ఈ లాటిన్ మనకెందుకు?

ఇంగ్లండ్ కోర్టుల రికార్డులు 1733 వరకు లాటిన్‌లో ఉండేవి. ఆ న్యాయపద్ధతితో పాటే మాటలూ మనకు వచ్చాయి. విచిత్రమేమిటంటే, ఇంగ్లండ్‌లో 1999లో సివిల్ కోర్టుల నిబంధనలు మార్చినప్పుడు ఎక్స్ పార్టీ లాంటి మాటలను పక్కనపెట్టి మామూలు ఇంగ్లిష్ మాటలు పెట్టుకున్నారు. మనం మాత్రం అట్టిపెట్టుకున్నాం. అంతకుముందు నవాబుల కాలంలో వచ్చిన వకాలత్, ఫిర్యాదు, దస్తావేజు, జామీను మనకు సొంత మాటల్లా కలిసిపోయాయి. అందులోనూ తమాషా ఉంది. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు, తెలుగులో ముద్దాయి అంటే నేరారోపణ ఎదుర్కొంటున్నవాడు. మాట మన దగ్గరికి వచ్చి బోనులోకి ఎక్కింది. తెలంగాణ హైకోర్టు 2023లో ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు ఇచ్చినా, రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం హైకోర్టు, సుప్రీంకోర్టుల భాష ఇప్పటికీ ఇంగ్లిషే.

వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే?

మీ జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. ఫోనులో సలహాకు 15100 నంబరుకు కాల్ చేయవచ్చు. మీ కేసు ఎక్కడిదాకా వచ్చిందో ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో గానీ, యాప్‌లో గానీ 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొట్టి చూసుకోవచ్చు. మీ పేరు, జిల్లాతో వెతికినా కేసు దొరుకుతుంది.

అక్కడికి వెళ్లేటప్పుడు సమన్లతో పాటు అవి వచ్చిన కవరు కూడా తీసుకెళ్లండి. 30 రోజులు ఎప్పటి నుంచి లెక్కించాలో తేల్చడానికి దాని మీదున్న తపాలా ముద్ర పనికొస్తుంది.