హెలికాప్టర్ కూలితే పేలాల్సిందేనా?

క్లైమాక్స్‌లో విలన్ హెలికాప్టరెక్కి పారిపోతుంటాడు. హీరో గురిచూసి ఒక్కటి పేలుస్తాడు. ఢాం! తెర నిండా మంటలు, హాలు నిండా ఈలలు!

మరి నిజంగా కూలే హెలికాప్టర్లన్నీ అలాగే పేలిపోతాయా? పేలవు. పేలకుండా చెయ్యడానికే ఇంజనీర్లు దాదాపు అరవై ఏళ్ళుగా తంటాలు పడుతున్నారు. సినిమా కథకేమీ తీసిపోని కథ అది!

మంటే అసలు విలన్

‘అపోకలిప్స్ నౌ’ (1979)లో బారులు తీరి వచ్చే హ్యూయీ హెలికాప్టర్లు గుర్తున్నాయా? వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యానికి కుడిభుజం అవే. అవి కూలినప్పుడు దెబ్బలతో బయటపడాల్సిన వాళ్ళు కూడా, ట్యాంకు పగిలి అంటుకున్న మంటల్లో పోయేవారు. అందుకే 1970 నుంచి కొత్త రకం ట్యాంకులు వచ్చాయి. గట్టి రబ్బరు బట్టతో చేసిన సంచుల్లాంటివి. 65 అడుగుల ఎత్తునుంచి పడేసినా కారకూడదని పరీక్ష! గొట్టం తెగితే తెగినచోటే మూసుకుపోయే కీళ్ళు కూడా పెట్టారు.

1974లో సైన్యం మరో మెట్టెక్కింది. సెకనుకు 42 అడుగుల వేగంతో నిలువునా నేలకు కొట్టుకున్నా లోపలివాళ్ళు బతకాలంది. అంటే 27 అడుగుల ఎత్తునుంచి రాయిలా పడ్డట్టే! ఆ దెబ్బని ముందు చక్రాల కాళ్ళు తింటాయి, తర్వాత అడుగుభాగం నలిగి తింటుంది, చివరికి సీటు కిందికి జారి తింటుంది. మిగిలిందే మనిషి వెన్నెముకకి!

ఈ ఆలోచనలతో రూపుదిద్దుకున్నదే బ్లాక్ హాక్. 1993 అక్టోబర్ 3న మొగదిషులో తోకకి రాకెట్ తగిలి, గిరగిరా తిరుగుతూ కూలింది పైలట్ మైక్ డ్యురాంట్ నడిపే బ్లాక్ హాక్. కాలూ, వెన్నూ విరిగినా ఆయన ప్రాణాలతో మిగిలాడు. ‘బ్లాక్ హాక్ డౌన్’ (2001)లో రాన్ ఎల్డార్డ్ వేసింది ఆయన పాత్రే.

మనలాంటి వాళ్ళ సంగతో?

అమెరికాలో మామూలు ప్రయాణికుల హెలికాప్టర్లకి సీట్ల నిబంధన 1989లో, ట్యాంకుల నిబంధన 1994లో వచ్చాయి. కానీ ఓ మెలిక! అవి కొత్తగా రూపొందించే మోడళ్ళకే. అంతకుముందే అనుమతి పొందిన మోడళ్ళు మాత్రం పాత ట్యాంకులతోనే ఫ్యాక్టరీల్లోంచి వస్తూ పోయాయి.

2015 జూలైలో కొలరాడోలోని ఫ్రిస్కోలో అలాంటి అంబులెన్స్ హెలికాప్టరొకటి లేచిన కాసేపటికే కూలి అంటుకుంది. పైలట్ చనిపోయాడు. ఇద్దరు నర్సులూ బతికారుగానీ, ఒకరి ఒళ్ళు చాలావరకు కాలిపోయింది. తర్వాత 2018లో చట్టం వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి అమెరికాలో కొత్తగా తయారయ్యే ప్రతి హెలికాప్టర్‌కీ గట్టి ట్యాంకు తప్పనిసరి. అంటే తెలిసిన మందు వెయ్యడానికి ఇరవై ఆరేళ్ళు పట్టిందన్నమాట! అంతకుముందు తయారైనవాటికి ఇప్పటికీ ఆ నిర్బంధం లేదు.

తెరమీద పేలితే ఈలవెయ్యండి, తప్పులేదు. కానీ ఎప్పుడైనా హెలికాప్టరెక్కే యోగం పడితే మాత్రం, సెల్ఫీకి ముందు ఒక్కమాట అడగండి. “ట్యాంకు ఏ రకమండీ?”