సొంతదేదో, పరాయిదేదో కణానికి ఎలా తెలుస్తుంది?

ఫ్లూ జ్వరం వస్తే ఒళ్లంతా నొప్పులు, నీరసం. ఇదంతా వైరస్ చేసే పనే అనుకుంటాం. నిజానికి అందులో చాలా భాగం మన శరీరం మోగించే ప్రమాద ఘంటిక ఫలితమే.

ఫ్లూ, డెంగీ, తట్టు, కోవిడ్ కలిగించేవన్నీ ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు. చిక్కేమిటంటే, మన కణాల నిండా కూడా ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. మరి కణం దొంగను ఎలా పోల్చుకుంటుంది?

రెండు గుర్తులు చూస్తుంది. మొదటిది ఆకారం. మన సందేశ ఆర్‌ఎన్‌ఏ మొదటి కొసకు ‘టోపీ’ అనే రసాయన కప్పు ఉంటుంది. ఫ్లూ వైరస్ జన్యు ఆర్‌ఎన్‌ఏకు ఆ టోపీ ఉండదు. కొసన మూడు ఫాస్ఫేట్లు బయటికి కనిపిస్తాయి. రిగ్-ఐ అనే ప్రోటీన్ ఆ కొసను పట్టేస్తుంది. కొన్ని వైరస్‌లు నకళ్లు తీసుకునేటప్పుడు పొడవాటి జంట పోగుల ఆర్‌ఎన్‌ఏ ఏర్పడుతుంది. దాన్ని ఎండీఏ5 అనే ప్రోటీన్ పసిగడుతుంది.

రెండవది చోటు. కణం బయటి నుంచి మింగిన పదార్థాన్ని చిన్న సంచుల్లో ఉంచుతుంది. అక్కడ ఆర్‌ఎన్‌ఏ కనిపిస్తే అనుమానమే. టీఎల్‌ఆర్3, టీఎల్‌ఆర్7 అనే గ్రాహకాలు అక్కడ కాపలా కాస్తాయి.

ఎవరు పసిగట్టినా, పక్క కణాలకు వెళ్లే ముఖ్యమైన కబురు ఇంటర్‌ఫెరాన్. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మాన్ దీన్ని కనుగొన్నారు. కబురందిన కణాలు వైరస్ పెరగకుండా ముందే సిద్ధపడతాయి. దీన్ని మందుగా తీసుకున్నవారికి కూడా ఫ్లూ లాంటి జ్వరం, నొప్పులు వస్తాయి.

కబురు పనిచేయకపోతే? 2020లో ప్రాణాపాయ స్థితిలో ఉన్న 987 మంది కోవిడ్ రోగులను పరీక్షిస్తే, 101 మందిలో సొంత ఇంటర్‌ఫెరాన్‌నే అడ్డుకునే యాంటీబాడీలు కనిపించాయి. తట్టు వైరస్ మరింత గడుసుది. ఎండీఏ5ను పనిచేయనీయని ప్రోటీన్‌ను అదే తయారు చేసుకుంటుంది.

అందుకే పుట్టుకతో వచ్చిన ఈ కాపలా ఒక్కటే చాలదు. అది గంటల్లోనే మేల్కొంటుంది గానీ, ఫలానా శత్రువు ముఖాన్ని ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకోలేదు. ఆ గుర్తును నేర్పేది టీకా. తట్టు టీకా మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండాక, రెండవది 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. రెండూ వేయించాలి. ఇక వైరస్ జ్వరానికి యాంటీబయాటిక్ ఇమ్మని డాక్టరును ఒత్తిడి చేయకండి. అది బాక్టీరియా మీదే పనిచేస్తుంది, వైరస్‌ను తాకదు.