యంత్రము మేల్కొను విధము

సికింద్రాబాదు చెంతనున్న కాప్రాలో ఎ.ఎస్. రావు నగర్ అను పేట కలదు. ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు మూలపురుషుడైన అయ్యగారి సాంబశివరావుగారి పేరు దానికి పెట్టిరి. 1967లో నెలకొన్న ఆ సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును దేశమునకు అందించెను.

కంప్యూటర్లన్నిటికిని ఒక చిక్కు కలదు. విద్యుత్తు అందిన క్షణమున యంత్రమునకు ఏమియు తెలియదు. పని చేయవలెనన్న ఆజ్ఞల పట్టిక దాని జ్ఞాపకములోనికి రావలెను. ఆ పట్టికను తెచ్చుటకే మరియొక ఆజ్ఞ కావలెను! 1960ల నాటి చిన్న కంప్యూటర్లు పెక్కింటిలో పనివాడు ముందు పలకపై మీటలను పైకి, క్రిందికి వేసి, తొలి ఆజ్ఞలను ఒక్కొక్కటిగా చేతితో ఎక్కించెడివాడు. ఒక్క మీట తప్పినను యంత్రము లేవదు.

నేడు ఆ తొలి ఆజ్ఞలు చెరగని జ్ఞాపకమున ముందే వ్రాయబడి ఉండును. తెల్లవారుజామున ఇంట మొదట లేచినవారు తక్కినవారిని లేపినట్లు, చిన్న ఆజ్ఞ పెద్దదానిని, అది మరింత పెద్దదానిని లేపును. చేతిలో ఇమిడెడి ఎలక్ట్రానిక్ పుస్తకము సైతము ఇట్లే మేల్కొనును. కెనడాలో పుట్టిన కోబో పరికరములో లినక్స్ వ్యవస్థ నడచును. లేచునపుడు అది చదువు పట్టిక చివర, సంస్థవారి పఠన కార్యక్రమమైన 'నికెల్'ను ప్రారంభింపుమని ఉండును. ఆ పంక్తిలో వేరొక కార్యక్రమమును పేర్కొన్నచో పరికరము దానితోనే లేచును.

మార్చుట ఎందులకు? పాత తెలుగు గ్రంథములు అనేకము పుటల ఛాయాచిత్రములుగా లభించుచున్నవి. చిన్న తెరపై వాటి అక్షరములు చీమలబారువలె కనబడును. 'కోరీడర్' అను ఉచిత కార్యక్రమము అంచుల తెల్లని జాగాను కత్తిరించి అక్షరములను పెద్దవి చేయును. చదువరికి ఇది స్వల్పలాభము కాదు.

లోనికి పోవు దారిని నిర్మాతలే ఉంచిరి. దిద్దుబాట్ల మూటను నిర్ణీతస్థలమున ఉంచినచో, పరికరము తిరిగి లేచునపుడు దానిని విప్పి, పాతవాటికి మారుగా క్రొత్తవాటిని నిలుపును. ఉత్సాహవంతులు తమ మార్పులను ఆ దారినే పంపిరి.

అయితే ఆ పంక్తిలో ఒక్క అక్షరము తప్పినను పరికరము నడుమ ఆగిపోవచ్చును. అప్పుడును తెరపై మునుపటి పుట నిలిచియే ఉండును; ఏలయన ఈ రకపు తెరపై బొమ్మ విద్యుత్తు లేకున్నను చెరగదు. ప్రాణమున్నదో లేదో చూపునకు తెలియదు. అందుచే జాగరూకులు క్రొత్త కార్యక్రమమును ముందుగా చేతితో నడిపి చూచి, పిదపనే తొలి పట్టికకు ఎక్కింతురు. పాత కోబోలు కొన్నింటిలో జ్ఞాపకమంతయు లోపలి చిన్న కార్డుపై ఉండును. దానికి ముందే నకలు తీసి దాచినవారు, పరికరము లేవని నాడు ఆ నకలు కార్డును అమర్చి మరల చదువుకొందురు.