పసిపలుకులలో ఉచ్చారణ దోషం

తెలుగు కథలో పసిపిల్ల ప్రవేశించిందంటే చందమామ ‘తందమామ’ అవుతాడు, రాముడు ‘లాముడు’ అవుతాడు. ఆ పిల్లకు రెండేళ్లా ఆరేళ్లా అన్న విచారణ రచయితలు తరచుగా చేయరు. జీవితంలో మాత్రం ఆ విచారణే ప్రధానం. రెండేళ్ల వయస్సులో ముద్దుగా వినబడిన పలుకే ఆరేళ్ల వయస్సులో పరీక్షింపదగిన లక్షణం అవుతుంది.

పసివాని నోట ఓష్ఠ్యాలు ముందుగా పలుకుతాయి. అమ్మ, పాప, మామ, బువ్వ అన్న మాటలలో పెదవుల పనియే ఎక్కువ. అత్త, తాత వంటి దంత్యాలు వాటి వెనుకనే వస్తాయి. రేఫ, ఊష్మాలు, సంయుక్తాక్షరాలు ఆలస్యంగా కుదురుతాయి. ఈ క్రమం సర్వభాషలకూ సమానమని రోమన్ యాకోబ్సన్ 1941లో ప్రతిపాదించాడు. పిల్లవానికీ పిల్లవానికీ ఇందులో చాలినంత భేదం ఉన్నదని తరువాతి పరిశీలకులు గ్రహించారు. కనుక ఏదో ఒక అక్షరం రాలేదన్నంత మాత్రాన దోషమని నిర్ణయించడం తొందరపాటు. మూడేళ్ల పిల్లవాని మాట కొత్తవారికి సుమారు ముప్పాతిక వంతు, నాలుగేళ్లకు దాదాపు పూర్తిగా బోధపడవలెనన్నది స్థూలమైన కొలత. తల్లికి అర్థమవుతున్నదా అన్నది కొలత కాదు. తల్లికి అన్నీ అర్థమవుతాయి.

పిల్లల తప్పులకు కూడా వ్యాకరణం ఉన్నది. కాకిని ‘తాతి’ అనీ, కుక్కను ‘తుత్త’ అనీ పలికే పిల్లవాడు రెండు తప్పులు చేయడం లేదు. కంఠ్యాలను దంత్యాలుగా మార్చే సూత్రం ఒక్కటే పాటిస్తున్నాడు. పుస్తకం ‘పుత్తకం’ కావడం మరొక సూత్రం. అగ్నిని అగ్గి చేసుకున్న భాషకు ఈ మార్గం కొత్తది కాదు. పరీక్షకుడు తప్పిన అక్షరాలను లెక్కించి ఊరుకోక, వాటి వెనుకనున్న సూత్రాన్ని పట్టుకోవలెను. ‘క’ అనుమంటే చక్కగా అని, కాకిని మాత్రం ‘తాతి’ అనే పిల్లవాని చిక్కు నాలుకలో లేదు, ధ్వనుల వ్యవస్థను గ్రహించడంలో ఉన్నది. ఎంత చూపించినా రేఫ పలుకలేని పిల్లవాని చిక్కు వేరు. సీతాకోకచిలుక అన్న మాటను మూడుసార్లు అడిగితే మూడు విధాలుగా పలికేవాడు ఇంకొక తెగకు చెందినవాడు. నోటి కదలికలను మెదడు కూర్చుకొనడంలోనే లోపం ఉన్నదేమో అని అక్కడ శంకించవలసి ఉంటుంది. లోకం ఈ ముగ్గురినీ, మాట తడబడే నాలుగవవానినీ కలిపి ‘నత్తి’ అన్న ఒక్క మాటతో సరిపెడుతుంది. చికిత్స మాత్రం నలుగురికీ ఒకటి కాదు.

ఎంత నేర్పుతో పలుకును విన్నా, చెవిని పరీక్షింపక నిర్ణయం చేయరాదు. ‘స’, ‘శ’ వంటి ధ్వనులు హెచ్చు శ్రుతిలో ఉంటాయి. ఆ శ్రుతులు మాత్రమే వినబడని పిల్లవాడు పిలిస్తే తిరిగి చూస్తాడు, తలుపు చప్పుడుకు ఉలిక్కిపడతాడు; అందుచేత ఇంటివారికి అనుమానమే రాదు. మాటిమాటికీ చెవిలో చీము కారే పిల్లల సంగతి కూడా ఇటువంటిదే. పిమ్మట నోరు చూడవలెను. అంగిలి చీలి ఉంటే గాలి ముక్కుగుండా పోయి, బంతి ‘మంతి’గా వినబడవచ్చు. నాలుక కింది నరం అడ్డమన్నది ఇళ్లలో తరచుగా చెప్పే కారణం. నిజానికి అది కారణమయ్యే సందర్భాలు తక్కువ. వస అరగదీసి నాకిస్తే మాట వస్తుందని ఏళ్లు గడపడం మరింత నష్టం. వినికిడి లోపాన్ని వస తీర్చదు. పోయిన ఏళ్లు తిరిగి రావు.

బొమ్మలు చూపి పేర్లు చెప్పించడం, స్వేచ్ఛగా మాట్లాడించి వినడం, ఈ రెండూ పరీక్షలో అవసరమే. అయితే ఇంగ్లీషు పరీక్షను అనువదించుకుంటే చాలదు. పదాంతంలోని హల్లులకు అందులో పెద్దపీట. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. ఇక్కడ చూడవలసినవి ద్విత్వాలు, మూర్ధన్యాలు. అంతకంటె సున్నితమైనది మాండలిక విషయం. ఎన్నో ఇళ్లలో ఒత్తులు పలకరు. ‘శ’ ‘స’గా, ‘ణ’ ‘న’గా, ‘ళ’ ‘ల’గా వినబడతాయి. ఆ ఇంటి బిడ్డ అట్లే పలికితే అది దోషం కాదు, తల్లి భాష. పండితుని ఉచ్చారణను గీటురాయిగా పెట్టుకున్న పరీక్షకుడు ఆరోగ్యవంతుణ్ణి రోగిగా చేస్తాడు. బెంగుళూరులోనో మద్రాసులోనో పెరిగే తెలుగు పిల్లలను రెండు భాషలలోనూ పరీక్షించవలసిందే. నిజమైన దోషం సాధారణంగా రెండింటిలోనూ బయటపడుతుంది.

‘పుత్తకం’ అని పలికే పిల్లవాడు బడిలో అట్లే వ్రాయవచ్చు. అప్పుడు మందబుద్ధి అన్న పేరు పడుతుంది. ఉచ్చారణ దోషానికీ బుద్ధికీ తప్పనిసరి సంబంధం లేదు. కాని పడిన పేరు తొలగడం కష్టం. ఇటువంటి పరీక్షలకు మైసూరులో 1965లో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వెలసింది. 1983లో బొంబాయిలో ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికిందరాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉన్నది. బడిలో చేర్చకముందే అక్కడికి తీసుకుపోయిన బిడ్డకు ఆ పేరు పడకుండా తప్పించే అవకాశం ఎక్కువ.