వేటకూ ఒక హద్దు ఉంది

నాగర్‌కర్నూల్ జిల్లాలో మన్ననూరు దాటి శ్రీశైలం దారిన సాగేవారికి నల్లమలలో ఫరహాబాద్ తగులుతుంది. ఆ పేరులోని ‘ఫరహ్’ అరబీ పదం. ఆనందమని దాని అర్థం. నిజాం ప్రభువుల కాలంలో అది వేట విడిది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పులివేటలో పేరుమోసినవారు. 1890లో పాలమూరు ప్రాంతానికి మహబూబ్‌నగర్ అన్న పేరు వచ్చింది ఆయన మీదుగానే. ఆ జిల్లా నుండే 2016లో నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు వేరుపడ్డాయి.

నాటి వేటభూమి నేడు అభయారణ్యం. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యమయింది. దాని విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. ప్రభువుల తుపాకులు ఏనాడో మౌనం వహించాయి. కాని వేట ఆగలేదు. అది చీకట్లో, ఉచ్చుల రూపంలో, కరెంటు తీగల రూపంలో సాగుతూనే ఉంది. ఆ మాంసం గుట్టుగా కొన్ని ఇళ్ళ వంటగదుల దాకా కూడా వస్తున్నది. అందుకే ఈ విషయం మన కుటుంబాలలో చర్చకు రావాలి.

ఇస్లాం వేటను మూలమట్టంగా నిషేధించలేదు. ఆకలి తీర్చుకోవడానికి, జీవనోపాధికి చేసే వేట ధర్మసమ్మతమే. అయితే షరీఅత్ దానికి కాలం రీత్యా ఒక హద్దు, స్థలం రీత్యా ఒక హద్దు పెట్టింది. ఇహ్రామ్ స్థితిలో ఉన్న వ్యక్తి అడవి జంతువును చంపితే పరిహారం చెల్లించాలని దివ్యఖుర్ఆన్‌లోని అల్ మాయిద సూరా ఆదేశించింది. మక్కా హరమ్‌లో వేట నిషిద్ధం. దైవప్రవక్త (సఅసం) మదీనాను కూడా హరమ్‌గా ప్రకటించి, అక్కడి వేటను, చెట్ల నరికివేతను నిషేధించారు. అభయారణ్యమనే భావన మనకు కొత్తది కాదని దీనినిబట్టి గ్రహించవచ్చు.

పాశ్చాత్య దేశాలు మరొక మార్గం ఎంచుకున్నాయి. అమెరికాలో వేటకు అనుమతి పత్రం ఉంటుంది, నిర్ణీత రుతువు ఉంటుంది, ఎన్ని జంతువులను చంపవచ్చునో లెక్క ఉంటుంది. 1937లో అక్కడ చేసిన ఒక చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్ను వన్యప్రాణుల ఆవాసాల రక్షణకే వెళుతుంది. మన దేశం వేటను నిలిపివేసి అడవిని కాపాడే దారి పట్టింది. దారులు వేరైనా రెండు చోట్లా సూత్రం ఒక్కటే: హద్దులేని వేట చివరకు వేటగానికి కూడా ఏమీ మిగల్చదు.

ఇక వేట సాధనాల సంగతి. మదర్సాలలో మేము ‘కితాబుస్సైద్’ అనే వేట ప్రకరణం బోధిస్తాము. హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి) వేటకుక్కల గురించి, ‘మిరాజ్’ అనే వేటకర్ర గురించి దైవప్రవక్త (సఅసం)ను అడిగిన ప్రశ్నలు అందులో ముఖ్యమైనవి. కర్ర మొన గుచ్చుకొని చచ్చిన జంతువును తినవచ్చు. అడ్డంగా తగిలి, దెబ్బకు చచ్చినదానిని తినరాదు. ఆయుధం కోసి రక్తం చిందించాలి, బిస్మిల్లాహ్ పలికి ప్రయోగించాలి. ఈ సూత్రాన్ని బట్టే మన ప్రాంతపు హనఫీ ఉలమాలు తుపాకీ గుండుకు చచ్చిన జంతువును, ప్రాణముండగా జిబహ్ చేయకపోతే, హలాల్‌గా అంగీకరించరు. ఇందులో భిన్నాభిప్రాయం గల పండితులూ ఉన్నారు.

కాని ఉచ్చుకు, కరెంటు తీగకు అంత చర్చ అక్కరలేదు. ఊపిరాడక చచ్చినది, దెబ్బకు చచ్చినది నిషిద్ధమని అల్ మాయిద సూరా మూడవ వాక్యం పేరుపేరునా చెప్పింది. క్లచ్ వైరు మెడకు బిగిసి చచ్చిన దుప్పి ఊపిరాడక చచ్చినదే. కరెంటు తగిలి పడిపోయిన కృష్ణజింక చచ్చిన జంతువే. ఎవరో తెచ్చి, ‘అడవి మాంసం, అరుదుగా దొరుకుతుంది’ అని ఊరించినంత మాత్రాన అది హలాల్ కాజాలదు. అది ఎలా చచ్చిందో అమ్మేవాడు చెప్పడు. చెప్పినా నమ్మలేము. పైగా అక్రమంగా చంపిన వన్యప్రాణిని చట్టం ప్రభుత్వ ఆస్తిగా పరిగణిస్తుంది. కృష్ణజింక, నెమలి వంటి మొదటి షెడ్యూలు ప్రాణుల విషయంలో శిక్ష మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలు. వలీమా విందులో గొప్ప కోసం వడ్డించిన ఒక్క పళ్ళెం ఇంటిపరువును, ఆఖిరత్‌ను రెంటినీ పణంగా పెడుతుంది.

రైతు కష్టాన్ని మేము విస్మరించడం లేదు. వనపర్తి వైపు వేరుశనగ చేలను, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు మొక్కజొన్న చేలను అడవిపందులు ఒక్క రాత్రిలో దున్నేస్తాయి. అప్పు తెచ్చి విత్తనం వేసిన ఇంటికి అది చిన్న నష్టం కాదు. అయితే పంది కోసం లాగిన తీగకు పందో, పులో, మనిషో తెలియదు. తెల్లవారుజామున నీళ్ళు పెట్టడానికి వచ్చిన పొరుగు రైతు, మేకను వెతుక్కుంటూ వచ్చిన పిల్లవాడు ఆ తీగ మీద అడుగు వేయవచ్చు. నలుగురు నడిచే బాటలో గొయ్యి తవ్వినవాడు, అందులో పడి ఎవరైనా మరణిస్తే దానికి బాధ్యుడని ఫిఖహ్ గ్రంథాలు నిర్ణయించాయి. ‘నేను పందికి పెట్టాను’ అన్న మాట అతనిని కాపాడదు. చీకట్లో కరెంటు తీగ పరచడం ఆ గొయ్యి కన్నా ఘోరం.

అనుమతించిన మార్గాలున్నాయి. ప్రాణహాని చేయని సోలార్ కంచె వేసుకోవచ్చు. పొరుగువారితో వంతులు వేసుకొని మంచె మీద కాపలా ఉండవచ్చు. పంట నష్టానికి అటవీశాఖకు దరఖాస్తు చేసుకోవచ్చు. బెడద మితిమీరినచోట పందులను అదుపు చేయడానికి అధికారుల అనుమతి కోరే వీలు చట్టంలోనే ఉంది. ఒక్కరు తిరిగితే పని కాకపోవచ్చు, ఊరంతా కలిసి వెళితే మాట చెల్లుతుంది. జుమా తరువాత మస్జిద్ కమిటీలు ఈ బాధ్యత తీసుకుంటే ఎంతో మేలు.

అల్ మాయిద సూరాలోనే విశ్వాసులకు ఒక పరీక్ష ప్రస్తావన ఉంది. వేట వారి చేతులకు, ఈటెలకు అందేంత దగ్గరగా వస్తుంది. కంటికి కనిపించని ప్రభువుకు భయపడేదెవరో తేలడానికే ఆ పరీక్ష. నల్లమల అంచున, కృష్ణా తీరాన జీవించే మనకు ఈ పరీక్ష ప్రతి రాత్రీ ఎదురవుతున్నది. అటవీ సిబ్బంది చూడని చోట అల్లాహ్ చూస్తున్నాడు. పక్షులు, జంతువులు కూడా మనవంటి సముదాయాలేనని దివ్యఖుర్ఆన్ బోధిస్తున్నది.

తల్లులారా, సోదరీమణులారా! వంటగది గడప మీ చేతిలో ఉంది. ఏ జంతువుదో, ఎలా చచ్చిందో తెలియని మాంసాన్ని ఆ గడప దాటనీయకండి. కొనేవారు లేనినాడు ఉచ్చు పెట్టేవారూ తగ్గుతారు. మన సంపాదనను, మన ఆహారాన్ని అల్లాహ్ పరిశుద్ధంగా ఉంచుగాక. ఆమీన్.