మేపుల్ అడవిలో పైపులు: ఎత్తుపల్లాల లెక్క

అమెరికాలోని వెర్మాంట్ కొండల్లో ఫిబ్రవరి చివరికి రాత్రిళ్లు నీళ్లు గడ్డకడుతూ, పగలు కరుగుతూ ఉంటాయి. ఆ కొద్ది వారాలే షుగర్ మేపుల్ చెట్టు తియ్యటి రసం ఇస్తుంది. దాన్ని కాచి సిరప్ చేస్తారు.

తీపి ఎంతంటే, రసంలో చక్కెర సుమారు 2 శాతం. లీటరు సిరప్‌కు 40 లీటర్లకు పైనే రసం మరగాలి. మన ఇళ్లకొచ్చే 20 లీటర్ల క్యాన్లు రెండు పొయ్యి మీద పెడితే ఒక్క సీసా మిగులుతుందన్నమాట. ఇంత రసాన్ని మంచులో బకెట్లతో మోయలేకే పైపులొచ్చాయి.

కల్లుగీత లాంటిదేనా? కాదు. తాటిచెట్టుకు గెల చెక్కుతారు, ఇక్కడ కాండానికే 8 మి.మీ. వెడల్పు, రెండంగుళాల లోపు లోతున రంధ్రం వేస్తారు. అందులో స్పౌట్, అంటే చిన్న ప్లాస్టిక్ మూతి, పెట్టి సుత్తితో మెల్లగా తడతారు. చప్పుడు బరువెక్కగానే చెయ్యి ఆపాలి. ఇంకొక్క దెబ్బ పడితే చెక్క చీలి, రసం పక్కనుంచి కారిపోతుంది. చెట్టు కనీసం 10 అంగుళాల మందం ఉండాలి. మరుసటేడు పాత గాయానికి దూరంగా కొత్త రంధ్రం వేస్తారు.

ఇక నేల సంగతి. పైపు నూరడుగుల పొడవుకు కనీసం రెండడుగులు దిగాలని లెక్క. నేల హెచ్చుతగ్గులుగా ఉంటే ఎలా? దిగాల్సింది పైపు, నేల కాదు. 200 అడుగుల దారి మధ్యలో 8 అడుగుల పల్లం ఉందనుకోండి. ఇవతలి గట్టు మీద పైపును 6 అడుగుల ఎత్తున కడితే, సగం దూరానికి అది రెండడుగులు దిగుతుంది. పల్లం మీద 12 అడుగుల ఎత్తున వేలాడుతుంది. అవతలి గట్టు ఇవతలి దానితో సమానంగా ఉంటే అక్కడ నేలకు 2 అడుగుల పైన చేరుతుంది. అదే గట్టు మూడడుగులు ఎక్కువైతే పైపు మట్టిలో దూరాల్సిందే! అలాంటి చోట మొండికి పోకుండా పల్లంలోనే ట్యాంకు పెట్టి, అక్కణ్నుంచి మోటారుతో తోడుకోవడం మేలు.

అసలు శత్రువు పైపు సాగి వేలాడడం. వేలాడిన చోట రసం నిలుస్తుంది, రాత్రికి గడ్డకట్టి మర్నాడు ఆలస్యంగా కరుగుతుంది. అందుకే పైపును ఒక చెట్టుకు కుడిపక్క నుంచి, తర్వాతి చెట్టుకు ఎడమపక్క నుంచి తిప్పుతూ బిగిస్తారు. లావు పైపులకైతే ఉక్కు తీగ ఆధారం కావాలి.

వాలు బాగా ఉన్నవాళ్లకు ఇంకో లాభం ఉంది, నా దృష్టిలో అసలు ఆదాయం అక్కడే. 5 మి.మీ. లోపు సన్నపైపులో రసం గాలి సందు లేకుండా నిండి, కిందికి జారుతూ పైనున్న రసాన్ని లాగుతుంది. ఒక్కో అడుగు దిగుడుకు, సాధ్యమైన పూర్తి వాక్యూంలో, అంటే పీల్చే శక్తిలో, సుమారు 3 శాతం వస్తుంది. ఇంటి అంతస్తు పదడుగులనుకుంటే అంతస్తుకు 30 శాతం, మూడంతస్తులకు 90 శాతానికి దగ్గర. కరెంటు ఖర్చు సున్నా. అయితే ఏ చెట్టుకైనా దాని కింద ఉన్న దిగుడే లెక్కకొస్తుంది. పై చెట్టు బాగా పిండుకుంటే, ట్యాంకు పక్కనున్న చెట్టుకు దక్కేది స్వల్పం.

చదును నేలలో ఈ ఉపాయం పనిచేయదు. అక్కడ లావు పైపు, వాక్యూం పంపు తప్పవు.

సన్నపైపుకు లోపమూ ఉంది. రసంలో పెరిగే సూక్ష్మజీవుల జిగురు ఆ ఇరుకు దారిని ఏళ్లు గడిచేకొద్దీ మూసేస్తుంది. సీజన్ ముగియగానే లైన్లు కడగాలి, స్పౌట్లు ఏటా కొత్తవి వేయాలి. మధ్యలో ఉడతలు కొరికిన చోటల్లా గాలి దూరి పీల్చే శక్తి పోతుంది కాబట్టి, సీజన్‌లో లైను వెంట చెవి పెట్టుకుని నడవాలి. సుయ్‌మని శబ్దం వచ్చిన చోట పంటి గాటు ఉంటుంది.