కోటలోని శత్రువు

మార్కాపురపు సీమలోని త్రిపురాంతకము శ్రీశైలమునకు తూర్పు ద్వారమని ప్రసిద్ధి. తారకాసురుని కుమారులు మువ్వురు బంగారు, వెండి, యినుప పురములలో నుండి లోకములను బాధింపగా, శివుడు ఒక్క బాణముతో ఆ మూటిని భస్మము గావించెనని పురాణగాథ. ఆ గాథలో కోట శత్రువుది. దానిని కూల్చినవాడు రక్షకుడు. మానవదేహమున క్షయతో జరుగు పోరాటము ఇందుకు విపరీతము. ఇచట కోట కట్టునది రక్షకుడే. శత్రువు అందు బందీ.

1882లో బెర్లినునందు రాబర్ట్ కాక్ క్షయక్రిమిని కనుగొనినట్లు ప్రకటించెను. ఆ సంవత్సరముననే ఇటలీలోని మెస్సీనాలో మెచ్నికోవ్, నక్షత్రచేప పిల్ల యొక్క పారదర్శక దేహమున గులాబిముల్లు గుచ్చి, సంచారకణములు దానిచుట్టు మూగుటను చూచెను. పరాయి వస్తువును మ్రింగు భక్షకకణముల శాస్త్రమునకు అది నాంది.

సామాన్య సూక్ష్మజీవి మ్రింగబడిన పిదప జీర్ణమగును. క్షయక్రిమి యట్లు కాదు. మైనపు కవచము ధరించి, భక్షకకణములోని జీర్ణరసపు సంచి తన్ను చేరకుండ అడ్డగించి, అందే వృద్ధిపొందును. అప్పుడు టీ-కణములు రంగమున ప్రవేశించును. ఎదలోని థైమస్ గ్రంథిలో పరిణతి చెందుటచే వీటికా పేరు. ఆ గ్రంథి ప్రయోజనమును 1961లో జాక్ మిల్లర్ వెల్లడించెను. టీ-కణములు గామా ఇంటర్‌ఫెరాన్ అను ద్రవ్యమును వెలువరించి భక్షకకణములను పురికొల్పును. అన్నియు కూడి క్రిమిచుట్టు బుడిపెవంటి కోట కట్టును.

అందు క్రిమి చావకపోవచ్చును. ఏండ్ల తరబడి నిద్రింపవచ్చును. ప్రపంచ జనాభాలో ఇంచుమించు నాలుగవ వంతునకు ఈ క్రిమి సోకియున్నదని అంచనా. వారిలో రోగగ్రస్తులగువారు నూటికి అయిదు నుండి పదిమంది మాత్రమే. పోషకాహారలోపము, మధుమేహము కావలివారిని బలహీనపరచును. హెచ్.ఐ.వి. టీ-కణములనే హరించును. అప్పుడు కోట బ్రద్దలగును.

కావలివారికి ముందుగనే శత్రువును పరిచయము చేయు ఉపాయమే బి.సి.జి. టీకా. కాల్మెట్, గెరాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పశువుల క్షయక్రిమిని పదమూడేండ్లు, 230 మారులు పెంచి, దాని క్రౌర్యమును తగ్గించిరి. 1921లో పారిస్‌లో ఒక శిశువునకు తొలిసారి ఇచ్చిరి. మన దేశమున ఈ పని 1948లో ఆరంభమయ్యెను. నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె చెంత, ఆరోగ్యవరము శానిటోరియమునకు చెందిన డాక్టర్ ఫ్రిమోట్-మోలర్ బృందము 1950 ప్రాంతమున చుట్టుప్రక్కల గ్రామములలో టీకాను పరీక్షించెను. 1968లో చెంగల్పట్టు జిల్లాలో ఆరంభమైన మహాపరీక్ష మాత్రము నిరాశ కలిగించెను. పెద్దలకు ఊపిరితిత్తుల క్షయనుండి టీకా రక్షణ నీయలేదని తేలెను. అయినను పసిబిడ్డలను మెదడుపొరల క్షయనుండి కాపాడుటచే నేటికిని పుట్టిన శిశువులకు ఇచ్చుచున్నారు. పెక్కుమంది బాలుర ఎడమ భుజముపై కనుపించు చిన్న మచ్చ దానిదే.

టీకా చేయలేని పనిని మందులు చేయవలెను. సామాన్యముగా చికిత్స ఆరు మాసములు. దగ్గు తగ్గెనని నడుమ మానినచో, మిగిలిన క్రిములు మందునకు లొంగని జాతిగా మారవచ్చును. ఇందు ఉపాధ్యాయుని పాత్ర స్వల్పము కాదు. రెండు వారములకు మించి దగ్గుచున్న బాలుని వెనుక బల్లకు తోలుట రోగమును దాచుటయే. వానిని తల్లిదండ్రులతో ప్రభుత్వ వైద్యశాలకు, ఉచితముగా జరుగు కఫపరీక్షకు, పంపుట విద్య నేర్పుటలో భాగమే.